గిటార్‌కి పిడి బిగించిన చలికాలం

మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చితే, కునుక్కీ మెలకువకీ మధ్య కాసేపు తేలుతున్నట్టు ఉంటుంది. ఆ కాసేపట్లో నాకు రైల్వే డిపో కనిపిస్తుంది. రిటైరై, ఊరి శివారున మోప్కాలో చిన్న ఇల్లు కట్టుకుని వచ్చేశాక కూడా అదే. వరసగా నిలబెట్టిన బొగ్గు వ్యాగన్లు, వాటి కింద చల్లటి నీడ, స్ప్రింగుల మీద పొద్దుటి మంచు తడి. నా వయసు ఆడవాళ్ళకి కలలో పుట్టిల్లు వస్తుందట. నాకు స్ప్రింగ్ సెక్షన్ వస్తుంది. ఎవరి రాత వాళ్ళది.

మన రైల్వే కాలనీ తెలుగు పిల్లలు మొన్న ఇంటికొచ్చి, పెద్దవాళ్ళ ఉద్యోగ జ్ఞాపకాలు పుస్తకంగా వేస్తున్నాం, మీరూ ఒకటి రాయండి ఆంటీ అన్నారు. పట్టాలు తప్పిన బండి గురించి రాయమన్నారు, సైరన్ మోగగానే పరిగెత్తిన రోజుల గురించి రాయమన్నారు. అవన్నీ చూశాను. రాయను. రాస్తే నాకీ మధ్యాహ్నపు కునుకు కూడా దక్కదు. నేను గిటార్ గురించి రాస్తాను. మీలో సగం మందికి తెలుగు చదవడం రాదని నాకు తెలుసు. ఇంట్లో ఎవరో ఒక పెద్దవాళ్ళని పట్టుకుని చదివించుకోండి, వాళ్ళకీ కాలక్షేపం అవుతుంది.

మా ఆయన పోయాక ఆయన బదులు నాకు రైల్వేలో ఉద్యోగం ఇచ్చారు. ఆఫీసులో కూర్చునే పని ఇప్పిస్తామన్నారు గానీ, కుర్చీలో కూర్చుంటే నాకు నిద్ర ముంచుకొస్తుంది. వ్యాగన్ డిపోలో వేయండి అన్నాను. వాళ్ళు నవ్వారు, వేశారు. అలా స్ప్రింగ్ సెక్షన్‌కి వచ్చాను. వ్యాగన్ చక్రాల మీద బరువు మోసే చుట్ట స్ప్రింగులు ఉంటాయి కదా, అరిగినవీ విరిగినవీ తీసి మంచివి వేయడం మా పని. నాకు పని నేర్పినాయన ఛత్తీస్‌గఢీ మనిషి, గతౌరా నుంచి రోజూ ప్యాసింజర్‌లో వచ్చేవాడు. అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. ఆయనకి ఒకే ఒక్క శాస్త్రం: కదిలేది ఏదైనా బిగించాలి. డిపోలో బల్ల కదిలినా, గోడ మీద గడియారం కదిలినా, ఎవరి కాలైనా ఊరికే ఊగుతున్నా ఊరుకునేవాడు కాదు. కొన్నేళ్ళకి ఆ జబ్బు నాకూ అంటుకుంది. ఇప్పటికీ ఎవరింటికైనా వెళ్తే వాళ్ళ కుర్చీ కాళ్ళు కదిపి చూస్తాను.

మా పక్క క్వార్టర్‌లో ఒక గూడ్స్ గార్డు ఉండేవాడు. ఇప్పుడా ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పెద్ద పేరు పెట్టారు గానీ మాకు గార్డే. వాళ్ళదీ మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి తాతల నాడు రైల్వేకి వచ్చిన కుటుంబం. నన్ను అప్పా అని, అంటే అక్కా అని, పిలిచేవాడు, నాకూ సొంత తమ్ముడి కింద లెక్క. ఇన్‌స్టిట్యూట్ అంటే మా రైల్వే క్లబ్బు, అందులోని ఆర్కెస్ట్రాలో అతనిదే గిటార్. అది కరెంటు గిటార్, లోపల డొల్ల, ముదురు తేనె రంగు. దానిమీద పాట వాయిస్తే మాటలు కూడా వినిపిస్తాయని అనేవాళ్ళు. ఎడమచేతి వేళ్ళతో తీగ నొక్కి, దాన్ని పక్కకి తోసి, వణికించి, ఒక స్వరంలోంచి ఇంకో స్వరంలోకి మెత్తగా జారేవాడు. డ్యూటీ దిగి వచ్చిన సాయంత్రాలు వరండాలో కూర్చుని వాయిస్తుంటే, అవతల లైన్ మీద బొగ్గు బండి వెళ్తూ ఉంటే, రెండూ కలిసి ఒకటే శబ్దంలా వినిపించేవి. నేను పప్పులో రాళ్ళు ఏరుతూ ఎక్కడికో వెళ్ళిపోయేదాన్ని.

అంతలోనే వాళ్ళావిడ గొంతు వచ్చేది. పాలు పొంగిపోయాయని, వైర్లు కాళ్ళకి తగుల్తున్నాయని, యూనిఫాం నానబెట్టి మూడు పూటలైందని. గొప్పగా తిట్టేది. దీర్ఘాలు తీసి, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి, మళ్ళీ అందుకుని. గిటార్‌తో పాటు అదీ ఒక వాయిద్యమే అని కాలనీలో నవ్వుకునేవాళ్ళు.

ఒక ఏడాది వానల్లో, ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. ఆవిడ ఆరేసిన బట్టలన్నీ చేతుల్లో పోగేసుకుని పెరటి గేటులోంచి లోపలికి పరిగెత్తింది. చేతులు ఖాళీ లేక ఇనప గేటుని కాలితో తన్ని మూసింది. వెనకే అతను గేటు స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాడని ఆవిడకి తెలీదు. ఎడమచేతి మధ్యవేలు, ఉంగరంవేలు నలిగిపోయాయి. ఆసుపత్రి, కట్లు, సెలవు అన్నీ అయ్యాయి. డ్యూటీకి ఫిట్ అన్నారు. జెండా పట్టుకోగలడు, చొక్కా గుండీలు పెట్టుకోగలడు. తీగ నొక్కగలడు కూడా. కానీ దాన్ని పక్కకి తొయ్యలేడు, వణికించలేడు. ఆ రెండు వేళ్ళూ పుల్లల్లా బిగుసుకుపోయాయి.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం అతను ఒక పార్సిల్ పట్టుకుని మా వరండాలోకి వచ్చాడు. విప్పితే చేతి వెడల్పు లోహపు బిళ్ళ, దానికి అడ్డంగా ఒక రాడ్డు, రాడ్డుకి ఒక వంపు తిరిగిన పిడి, పిడి కింద బొటనవేలంత స్ప్రింగ్. వైబ్రాటో టెయిల్‌పీస్ అంటారట. గిటార్ అడుగున తీగలు కట్టే పట్టీ తీసేసి దాని చోట దీన్ని బిగిస్తారు. తీగల చివర్లు ఆ రాడ్డుకి తగిలిస్తారు. పిడి నొక్కితే రాడ్డు కాస్త తిరిగి తీగలు వదులవుతాయి, స్వరం కిందికి జారుతుంది. వదిలితే స్ప్రింగ్ మళ్ళీ దాన్ని పైకి తెస్తుంది. మెల్లగా నొక్కుతూ వదులుతూ ఉంటే స్వరం ఊగుతుంది. ఎడమచేతి వేళ్ళు చెయ్యలేని పని కుడిచెయ్యి చేస్తుందన్నమాట. నాగపూర్‌లో ఎవరో బిగిస్తారట గానీ గిటార్‌ని అక్కడికి పంపడం అతనికి ఇష్టం లేదు. స్ప్రింగ్ అంటే మా అప్పే కదా అని నా దగ్గరికి తెచ్చాడు.

నేను ఆ స్ప్రింగ్‌ని వేళ్ళమధ్య నొక్కి చూసి, ఇది పెన్నులో పెట్టుకోడానికి పనికొస్తుంది అన్నాను. తర్వాత అడగకూడనిది అడిగాను. చెయ్యి బాగులేనప్పుడు ఈ తిప్పలెందుకు, ఆర్కెస్ట్రాలో ఇంకొకరు వాయిస్తారు, నువ్వు హాయిగా కూర్చుని విను అన్నాను.

అతను పార్సిల్ అట్టపెట్టె మడత పెట్టాడు. తర్వాత, "ఆవిడ నన్ను తిట్టడం మానేసిందప్పా" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. అతనే చెప్పాడు. గేటు పడిన రోజు నుంచి ఇంట్లో తనేమన్నా ఆవిడ 'సరే' అని ఊరుకుంటోందట. కూరలో ఉప్పు లేదన్నా సరే, డ్యూటీకి తొందరగా వెళ్ళాలన్నా సరే. అన్నం పెడుతూ అతని చేతినే చూస్తుందట. అతను చెయ్యి టేబుల్ కింద పెట్టుకుంటే ఇంకా కుంగిపోతుందట. పోనీ నీ తప్పు కాదే అని చెబితే, దానికీ సరే అంటుందట. "నేను మళ్ళీ వాయించానంటే ఆవిడ చూపు నా చేతి మీంచి లేస్తాదప్పా. నాకంతకన్నా ఏటీ వద్దు."

అప్పుడు గుర్తొచ్చింది, పక్కింటి నుంచి నాకు ఆ గొంతు వినిపించి ఎన్నాళ్ళో అయింది. వానలు తగ్గాయి కాబట్టి కాలనీ నెమ్మదించింది అనుకున్నాను. అంత మొద్దుని.

మరుసటి ఆదివారం ఉస్తాద్‌ని పిలిచాను. ఆయన చేతి డ్రిల్ పట్టుకుని, గతౌరా నుంచి ఉడకబెట్టిన శనక్కాయలు మూట కట్టుకుని వచ్చాడు. ఎండ వరండాలో సగం దాకా పరుచుకుని ఉంది. దుప్పటి పరిచి గిటార్‌ని దానిమీద పడుకోబెట్టాం. పాత పట్టీ విప్పుతుంటే దాని అడుగున ఉన్న సన్నటి తీగ ఒకటి తెగింది. ఏదో చెత్త అనుకుని ఉస్తాద్ లాగి పారేయబోతే, ఆగండి, అది ఎర్త్ వైరు అని గార్డు పట్టుకున్నాడు. అది లేకపోతే స్పీకర్‌లో తేనెటీగల గోల మోగుతుందట. దాన్ని కొత్త బిళ్ళ కిందికి చేర్చి కలిపాం. కన్నాలు కొలిచి కొలిచి వేశాం. డొల్ల చెక్కకి డ్రిల్ తగిలినప్పుడల్లా అతను కళ్ళు మూసుకునేవాడు. ఆవిడ గోడ మీంచి టీ గ్లాసులు అందించింది గానీ ఇటు రాలేదు.

బిగించడం అయ్యాక ఉస్తాద్ తన అలవాటు చొప్పున అన్నీ కదిపి చూశాడు. గిటార్ మధ్యలో తీగలు ఆనే మెట్టు ఒకటి ఉంటుంది, బ్రిడ్జ్ అంటారు. అది రెండు కాళ్ళ మీద కాస్త ముందుకీ వెనక్కీ ఊగుతోంది. ఉస్తాద్ మొహం మారిపోయింది. అచ్ఛా, ఇదన్నమాట దొంగ అన్నాడు. ఇంత పెద్ద కంపెనీ వాడు ఇలా వదులుగా ఎలా వదిలేశాడని కంపెనీనీ, వాడి కుటుంబాన్నీ తిట్టి, పల్చటి ఇత్తడి రేకు కత్తిరించి ఆ సందుల్లో దూర్చి బిగించాడు. ఇక ఏనుగు తొక్కినా కదలదు. నేను కూడా వేలితో నొక్కి చూసి తృప్తిపడ్డాను. మేం నేర్చుకున్నది అదే కదా. వ్యాగన్ కింద చప్పుడు చేసే ప్రతిదీ ఎక్కడో ఒకచోట రాలిపోతుంది.

అతను తీగలు మేళవించి, ఒక తీగ మీటి, పిడి మెల్లగా నొక్కాడు. స్వరం కిందికి జారింది. గ్లాసులో పంచదార కరిగినట్టు. ముగ్గురం నోళ్ళు తెరుచుకుని విన్నాం. పిడి వదిలాడు. స్వరం పైకి వచ్చింది గానీ పూర్తిగా రాలేదు. గడప దగ్గర ఆగిపోయింది. నాలాంటి సంగీతం తెలీని మనిషికి కూడా పంటి కింద రాయి పడ్డట్టు తెలిసింది.

కొత్తది కదా, సర్దుకుంటుంది అన్నాడు ఉస్తాద్. సర్దుకోలేదు. స్ప్రింగ్ బలం చాలలేదని డిపో నుంచి ఇంకాస్త గట్టిది తెచ్చి పెట్టాం. అప్పుడు పిడి నొక్కడానికి అతని భుజం అంతా కావాల్సి వచ్చింది. మళ్ళీ పాతదే పెట్టాం. ఇన్‌స్టిట్యూట్ వార్షికోత్సవానికి రిహార్సల్స్ మొదలయ్యాయి. ఆర్కెస్ట్రా నడిపేది ఒక బెంగాలీ పెద్దాయన, పర్సనెల్ డిపార్ట్‌మెంట్‌లో క్లర్కు, అందరికీ దాదా. ఆయన ముందు అతను ఒక పాట వాయించాడు. మొదటి చరణం బాగుంది. పిడి నొక్కిన ప్రతిసారీ తీగలు కొంచెం కొంచెం దిగజారుతూ, చివరికి పాట ఒక ఊళ్ళో, గిటార్ ఒక ఊళ్ళో అయ్యాయి. తబలా ఆయన ఆపేశాడు. దాదా మంచి మనిషి. కోప్పడలేదు. ఈసారికి ఆ పాట కీబోర్డ్ మీద వాయించేద్దాం, నువ్వు ముందు వరసలో కూర్చుని విను అన్నాడు. నేను అన్న మాటే.

ఆ రోజు సాయంత్రం ఆవిడ మా ఇంటికి వచ్చింది. గేటు సంఘటన తర్వాత రావడం అదే మొదటిసారి. వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. కూర్చోమంటే సరే అంది గానీ కూర్చోలేదు.

"వదినా, అది పీకేయండి" అంది. "వచ్చినప్పటి నుంచి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, నొక్కతన్నారు, వదుల్తన్నారు. భోజనం నేదు. ఆయనకి ఆశ పెట్టకండి. నా వల్ల పోయింది, పోయిందనే ఉండనీండి."

 ఓదార్పు మాటలు నాకు ముందునుంచీ రావు. ఒక్క వారం ఆగు, అప్పటికీ కాకపోతే నా చేత్తో నేనే పీకేస్తాను అన్నాను. ఆవిడ సరే అంది. ఆ సరే వింటే నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

ఆ వారమంతా డిపోలో నేను మనిషిని కాను. స్ప్రింగులు చూస్తుంటే గిటార్ తీగలు కనిపించేవి. ఒక పొద్దున మంచు ఇంకా లేవకుండానే, బొగ్గు దించి వచ్చిన వ్యాగన్ ఒకటి మా లైన్‌లోకి తోశారు. ఖాళీ అయింది కదా, సమానంగా పైకి లేచి నిలబడాలి. అది ఒక పక్కకి కుంగి ఉంది. కొత్తగా చేరినవాళ్ళు వెంటనే స్ప్రింగ్ పోయింది మేడమ్ అన్నారు. నేను ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పాను: స్ప్రింగ్‌ని తిట్టే ముందు, అది ఎక్కడ జారాలో అక్కడ చూడండి. కిందికి వంగి టార్చి వేస్తే అదే. స్ప్రింగ్ పైకి తోస్తూనే ఉంది పాపం. జారాల్సిన చోట మసీ తుప్పూ పట్టి ఇరుక్కుని, పైకి రానివ్వడం లేదు.

నేను ఆ మాట నోటితో అని, ఆ వ్యాగన్ కింద అలాగే గొంతుక్కూర్చుండిపోయాను. మంచులో ఎక్కడో ఇంజన్ కూత వేసింది. నా చుట్టూ అంతా మెత్తగా, దూరంగా అయిపోయింది. ఉస్తాద్ వంగి, ఏమైంది, ఒంట్లో బాగులేదా అని అడిగాడు. ఉస్తాద్, ఆ మెట్టు ఊగాలి అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. తీగ ముందుకీ వెనక్కీ కదిలినప్పుడు దానితో పాటు ఆ మెట్టు కూడా ఊగాలి. కంపెనీ వాడు అందుకే దాన్ని వదులుగా వదిలాడు. మనం బిగించేశాం. తీగ వెళ్ళినచోటే ఇరుక్కుంటోంది.

ఉస్తాద్ గడ్డం గోక్కున్నాడు. కదిలేదాన్ని కదలనివ్వమని ఎవరైనా చెప్పడం ఆయన సర్వీసులో అదే మొదటిసారి అయ్యుంటుంది. చివరికి, వదులు చేసే పని నా చేత్తో చెయ్యను, నువ్వే చెయ్యి, నేను అటు తిరిగి కూర్చుంటాను అన్నాడు. నిజంగానే ఆ సాయంత్రం వచ్చి, మా వరండాలో అటు తిరిగి కూర్చున్నాడు. నేను ఇత్తడి రేకులు ఒక్కొక్కటే లాగేశాను. మెట్టు మళ్ళీ ఊగింది. పైన గిటార్ మెడ చివర తీగలు దూరే సన్నటి గాడులు ఉంటాయి. అక్కడా తీగ పట్టేస్తోందని తోచి, వడ్రంగి పెన్సిల్ ముల్లు గీకి ఆ పొడి గాడుల్లో రాశాను. డిపోలో అయితే గ్రీజు పట్టించేదాన్ని. గిటార్‌కి గ్రీజు పూస్తే అతను నా మొహం చూడడు.

తీగలు మళ్ళీ మేళవించాడు. మీటాడు. నొక్కాడు. స్వరం కిందికి వెళ్ళింది. వదిలాడు. ఈసారి గడప దగ్గర ఆగలేదు, ఇంట్లోకి వచ్చి కూర్చుంది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ వచ్చింది. ఎన్నిసార్లు పంపినా తిరిగి వస్తోంది. అతను ఏడుస్తున్నాడని నేను చూడనట్టే ఉన్నాను. ఉస్తాద్ అటు తిరిగే, హా, ఠీక్ హై అన్నాడు.

దాదాని ఒప్పించడం కష్టం కాలేదు. విన్నాడు, అంతే. వార్షికోత్సవం సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ హాలు నిండిపోయింది, ఉస్తాద్ కూడా ఇంటికి వెళ్ళకుండా ఉండిపోయాడు. ఆవిడ రానంది. నేను చీర మార్చుకోమని చెప్పి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. నా పక్కనే కూర్చుంది. తెర లేవగానే ఆవిడ చూపు తిన్నగా అతని ఎడమచేతి మీదికి వెళ్ళి అక్కడే దిగబడింది.  వాయించేది అతనైనా నా వేళ్ళే చల్లబడ్డాయి.

పాట మొదలైంది. పాత పాట, వాళ్ళమ్మ పని చేసుకుంటూ పాడుకునేదని చెప్పేవాడు. ఎడమచెయ్యి తీగని నొక్కడమే చేస్తోంది, అటూ ఇటూ ఏమీ లేదు. కుడిచేతి చిటికెనవేలు పిడి మీద వాలి ఉంది. స్వరం లేచి, నిలబడి, చిన్నగా ఊగింది. అక్కడి నుంచి నాకు సరిగ్గా గుర్తులేదు. హాల్లో లైట్లు నీళ్ళలో ఉన్నట్టు కనిపించాయి. మా ఆయన బతికుండగా ఒకసారి ఇదే హాల్లో నా పక్కన కూర్చుని కాలితో తాళం వేశాడు, అది గుర్తొచ్చింది. ఇప్పుడు మధ్యాహ్నం కునుకులో నేను తేలే చోటు కూడా అదే అనుకుంటాను. పక్కకి చూస్తే, ఆవిడ కళ్ళు ఎడమచేతి మీద లేవు. పిడి మీద ఉన్నాయి. కాసేపటికి కనుబొమలు ముడిపడ్డాయి. పెదవులు బిగించింది. ఏడుస్తుందేమో అని నేను కొంగు సిద్ధం చేసుకున్నాను.

చప్పట్లు అయ్యాయి, సభ అయింది. గుమ్మం బయట గిటార్ పెట్టె పట్టుకుని అతను వచ్చాడు. ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు. ఏమంటుందో అని చూస్తున్నాడు. సరే అంటుందేమోనని నేను భయపడుతున్నాను.

"ఏటండీ ఆ ఊపుడు?" అంది ఆవిడ. "ఉయ్యాల్లో పిల్లోడున్నాడేటి? మొదటి చరణం బాగానే ఉంది. రెండోది మొత్తం ఊపుడే. పాటేదో, ఊపేదేదో తెలీకుండా చేసీసారు. చేతికి కొత్త బొమ్మ దొరికిందని అలగ ఊపీడమేనా?"

దాదా ఏదో సర్దిచెప్పబోయాడు. మీరు మధ్యలో రాకండి దాదా, ఈయన్ని పాడుచేసింది మీరే అంది. ఉస్తాద్ నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. కాలనీ దారి పట్టాం. ఆవిడ ఆపలేదు. ఊపుడు అయ్యాక వైర్లు వచ్చాయి, వైర్ల తర్వాత యూనిఫాం వచ్చింది, వానాకాలం నుంచి పోగుపడిందంతా దీర్ఘాలు తీసి ఒక్కొక్కటే దించుతోంది. క్వార్టర్ల కిటికీల్లోంచి జనం తొంగి చూశారు. అతను తలొంచుకుని, పెట్టె మోసుకుంటూ, వానలో తడిసేవాడిలా నడుస్తున్నాడు. ఇల్లు దగ్గరపడేసరికి నడక నెమ్మది చేశాడు. ఆవిడా నెమ్మది చేసింది, చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది మరి.